జోటెరోలో సేవ్ చేసినవి దొరకడం లేదా? మళ్ళీ డౌన్‌లోడ్ చేసే ముందు ఇది చదువు

తమ్మీ, ముందు ఆగం కాకు. కాకతీయుల కాలపు చెరువుల మీద పీహెచ్‌డీ చేస్తున్నానని, ఇన్నాళ్లూ జోటెరోలో (రిఫరెన్సులను దాచిపెట్టి వర్డ్‌లో పెట్టుకోవడానికి వాడే ప్రోగ్రాం) పోగేసిన ఆర్టికల్స్, శోధగంగ (యూనివర్సిటీల థీసిస్‌లు ఉండే సైట్) చాప్టర్లు, పాత పుస్తకాల స్కాన్లు అన్నీ కలిపి వెయ్యికి పైనే ఉంటాయని, తీరా గైడ్‌కు చాప్టర్ ఇవ్వాల్సిన టైంలో వెతికితే సగం కనిపించడం లేదని రాశావు. స్టోరేజ్ ఫోల్డర్ తెరిస్తే అన్నీ అర్థం కాని పేర్లే ఉన్నాయని, అందుకే అన్నీ మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకుందామా అని అడిగావు.

వద్దు. ఆ పని మాత్రం చేయకు. ఎందుకంటే నీ పాత కాపీలు చాలావరకు అందులోనే ఉన్నాయి. మళ్ళీ దించుకుంటే ఒక్కో ఆర్టికల్ రెండు కాపీలు అవుతుంది. వర్డ్‌లో ఒక చాప్టర్‌లో పాత కాపీని, ఇంకో చాప్టర్‌లో కొత్త కాపీని సైట్ చేస్తావు, అంటే రిఫరెన్స్‌గా చూపిస్తావు. రచయిత-సంవత్సరం స్టైల్ వాడుతుంటే జోటెరో ఆ రెండింటినీ రెండు వేర్వేరు రచనలు అనుకొని 2014ఎ, 2014బి అని వేస్తుంది, చివర గ్రంథసూచిలో కూడా అదే ఆర్టికల్ రెండుసార్లు పడుతుంది. థీసిస్ చూసేవాళ్ల కళ్లు మొట్టమొదట పడేది అక్కడే.

హనుమకొండలో, కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్‌రోడ్డు చుట్టుపక్కల రూముల్లో ఉండి చదువుకునే స్కాలర్లకు ఈ రిఫరెన్సుల పనిలో నేను చాలాకాలంగా సాయం చేస్తున్నాను. "పోయింది అన్నా" అని వచ్చినవాళ్లలో నిజంగా పోయినవాళ్లు చాలా తక్కువ. మిగతావాళ్ల విషయంలో జరిగేది రెండే. ఒకటి, ఒకచోట పెట్టినదాన్ని ఇంకోచోట నిలబడి వెతకడం. రెండు, ఆ ఐటమ్ గురించి జోటెరోకు మనం చెప్పని మాటతో దాన్ని అడగడం. నీది ఈ రెండూ కలిసిన కేసులా కనిపిస్తోంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట, నువ్వు ఎక్కడ నిలబడి వెతుకుతున్నావో చూసుకో. జోటెరోలో ఎడమవైపు కలెక్షన్లు ఉంటాయి కదా, వాటిలో దేని మీద క్లిక్ చేసి ఉంటే పైనున్న సెర్చ్ డబ్బా దాంట్లోనే వెతుకుతుంది. నువ్వు "శాసనాలు" అనే కలెక్షన్‌లో ఉండి పాకాల అని కొడితే, "నీటిపారుదల" కలెక్షన్‌లో ఉన్న పాకాల ఆర్టికల్ రాదు గాక రాదు. అందుకని ఏది వెతికినా ముందు ఎడమవైపు అన్నిటికంటే పైనున్న మై లైబ్రరీ మీద ఒక క్లిక్, ఆ తర్వాతే సెర్చ్. ఇది చాలా చిన్న విషయంలా ఉంటుంది కానీ నా దగ్గరికి వచ్చే లొల్లిలో పెద్ద భాగం ఇక్కడే తీరిపోతుంది. మీ డిపార్ట్‌మెంట్ వాళ్లతో కలిసి గ్రూప్ లైబ్రరీ పెట్టుకొని ఉంటే దాన్ని మళ్ళీ విడిగా క్లిక్ చేసి వెతకాలి, ఎందుకంటే గ్రూప్ లైబ్రరీ పూర్తిగా వేరు, మై లైబ్రరీలో వెతికితే గ్రూప్‌లో ఉన్నవి రావు.

గ్రూప్ సంగతి ఎందుకు ప్రత్యేకంగా చెబుతున్నానంటే, బ్రౌజర్‌లో కనెక్టర్ బటన్ (వెబ్ పేజీ నుంచి జోటెరోలోకి సేవ్ చేసేది) నొక్కినప్పుడు ఆ ఐటమ్ ఆ క్షణాన జోటెరోలో ఏ కలెక్షన్ సెలెక్ట్ అయి ఉంటే అందులోకి వెళ్లి కూర్చుంటుంది. రాత్రి గ్రూప్ లైబ్రరీలో ఏదో చూసి అలాగే వదిలేసి, పొద్దున్నే నీ చాప్టర్ కోసం పదిహేను ఆర్టికల్స్ సేవ్ చేశావనుకో, అన్నీ గ్రూప్‌లోకే పోయి ఉంటాయి. సేవ్ చేసేటప్పుడు స్క్రీన్ మూలన చిన్న పెట్టె వచ్చి ఎక్కడికి సేవ్ అవుతుందో చూపిస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు కూడా. అది కొన్ని సెకన్లే ఉంటుంది కాబట్టి మనవాళ్లు ఎవరూ చదవరు. ఇక నుంచి చదువు.

ఇంకోటి. కంప్యూటర్‌లో జోటెరో తెరవకుండానే బ్రౌజర్‌లో సేవ్ నొక్కితే, కనెక్టర్ ఐటమ్‌ను నీ కంప్యూటర్‌కు కాకుండా నీ జోటెరో ఆన్‌లైన్ అకౌంట్‌కు పంపే వీలుంది. ముందొకసారి అనుమతి ఇచ్చి ఉంటే ఆ తర్వాత నిన్ను పెద్దగా ఏమీ అడగదు. అలా సేవ్ అయినవి సింక్ అయితే తప్ప కంప్యూటర్‌లోకి రావు. సెట్టింగ్స్‌లో సింక్ దగ్గర లాగిన్ అయి ఉన్నావో లేదో, ఏ అకౌంట్‌తో అయ్యావో చూడు. ల్యాబ్ సిస్టమ్‌లో ఒక మెయిల్‌తో, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఇంకో మెయిల్‌తో రెండు అకౌంట్లు పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. నైంనగర్‌లో ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చొని సేవ్ చేసిన రోజులు ఉంటే అవి కూడా గుర్తుచేసుకో, ఆ సిస్టమ్‌లో ఎవరి అకౌంట్ తెరిచి ఉందో ఎవరికి తెలుసు. ఫోన్ బ్రౌజర్‌లో జోటెరో సైట్ తెరిచి లాగిన్ అయితే ఆన్‌లైన్‌లో ఏమేం ఉన్నాయో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ముందు ఆ పని చెయ్యి.

ఇక సెర్చ్ కంటే నేను ఎక్కువగా నమ్మేది డేట్ యాడెడ్ కాలమ్‌ను. మనిషికి ఆర్టికల్ పేరు గుర్తుండదు, కానీ "అది దసరా సెలవుల్లో దించాను", "సెమినార్ ముందు వారం దొరికింది" అని మాత్రం బాగా గుర్తుంటుంది. మై లైబ్రరీలో ఉండి కాలమ్ పేర్లు ఉన్న వరుస మీద రైట్ క్లిక్ చెయ్యి, జాబితా వస్తుంది, అందులో డేట్ యాడెడ్ పెట్టుకో, వెంటనే కనిపించకపోతే మోర్ కాలమ్స్ లోపల ఉంటుంది. ఆ కాలమ్ పేరు మీద క్లిక్ చేస్తే కొత్తగా చేర్చినవన్నీ పైకి వస్తాయి, ఇంకోసారి క్లిక్ చేస్తే తిరగబడుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, జాగ్రత్త. ఉత్తి డేట్ అని ఇంకో కాలమ్ ఉంటుంది, అది ఆర్టికల్ అచ్చయిన తేదీ. చాలామంది దాన్ని పెట్టుకొని "నిన్న సేవ్ చేసింది రావడం లేదు" అంటారు. నిన్న సేవ్ చేసింది 1978 నాటి పుస్తకమైతే అది 1978 దగ్గరే ఉంటుంది మరి.

అలా తేదీల ప్రకారం పెట్టుకొని ఒక గంట ఓపికగా కిందికి దిగుతూ పో. పేర్లు చదువుతూ పోతుంటే పోయాయనుకున్నవి చాలా కళ్లబడతాయి. కళ్లబడ్డ ప్రతిదాన్నీ ఏ కలెక్షన్‌లో ఉందో తెలుసుకోవాలంటే ఆ ఐటమ్‌ను సెలెక్ట్ చేసి విండోస్‌లో కంట్రోల్ కీ నొక్కి పట్టుకో, అది ఉన్న కలెక్షన్లు ఎడమవైపు హైలైట్ అవుతాయి. మ్యాక్‌లో అయితే ఆప్షన్ కీ, లైనక్స్‌లో ఆల్ట్. 2024 ఆగస్టులో వచ్చిన జోటెరో 7 గానీ, ఆ తర్వాతది గానీ వాడుతుంటే కుడివైపు ప్యానెల్‌లోనే లైబ్రరీస్ అండ్ కలెక్షన్స్ అని ఒక భాగం ఉంటుంది, అక్కడే రాసి ఉంటుంది.

ఏ కలెక్షన్‌లోనూ పడనివి అన్‌ఫైల్డ్ ఐటమ్స్ అనే చోట కనిపిస్తాయి, నీ విషయంలో అక్కడ చాలా ఉంటాయని నా అంచనా. కలెక్షన్ అంటే విండోస్ ఫోల్డర్ లాంటిది కాదు, ఫోన్‌లో పాటల ప్లేలిస్ట్ లాంటిది. ఒకే ఆర్టికల్ నాలుగు కలెక్షన్లలో ఉండొచ్చు, అయినా అది ఒక్కటే. కలెక్షన్‌లో ఉండగా డిలీట్ నొక్కి "రిమూవ్ ఫ్రమ్ కలెక్షన్" అన్నావంటే అది ఆ కలెక్షన్ నుంచి మాత్రమే పోతుంది, లైబ్రరీలో ఉంటుంది. మూవ్ టు ట్రాష్ అంటేనే చెత్తబుట్టలోకి పోతుంది. మామూలు సెట్టింగ్‌లో 30 రోజులు దాటితే అక్కడి నుంచి దానంతటదే తుడిచేస్తుంది, కాబట్టి ట్రాష్‌ను ఇవ్వాళే ఒకసారి చూడు, రేపు మాపు అనకు.

ట్యాగుల దగ్గర కూడా ఒకటి జరుగుతుంది. ఎడమవైపు కింద ట్యాగుల పెట్టె ఉంటుంది. అందులో పొరపాటున ఏదో ఒక ట్యాగ్ మీద క్లిక్ పడితే, మధ్యలో ఆ ట్యాగ్ ఉన్న ఐటమ్స్ మాత్రమే మిగులుతాయి, మిగతావన్నీ మాయం. ఒక అమ్మాయి లైబ్రరీ మొత్తం ఖాళీ అయిపోయిందని ఏడుపు మొహంతో వస్తే చూశాను, కింద ఒక ట్యాగ్ సెలెక్ట్ అయి ఉంది, అంతే. ఆ పెట్టె మూలన ఉండే చిన్న మెనూలో డీసెలెక్ట్ ఆల్ నొక్కగానే అన్నీ తిరిగి వచ్చాయి. జర్నల్ సైట్ల నుంచి సేవ్ చేసినప్పుడు వాళ్లు పెట్టిన కీవర్డ్లు కూడా ట్యాగులుగా వచ్చి పడతాయి, వందల కొద్దీ. మనం పెట్టుకున్న నాలుగు మంచి ట్యాగులు ఆ గుంపులో కనిపించవు. అదే మెనూలో ఆటోమేటిక్ ట్యాగులను దాచే వీలుంది, పూర్తిగా తీసేసే వీలు కూడా ఉంది. నేనైతే తీసేయమనే చెబుతాను.

ఇప్పుడు అసలు సెర్చ్ డబ్బా. దానికి మూడు పద్ధతులు ఉన్నాయి, పక్కనున్న చిన్న బాణం నొక్కితే కనిపిస్తాయి. మొదటిది పేరు, రచయిత, సంవత్సరం మాత్రమే చూస్తుంది. రెండోది, ఆల్ ఫీల్డ్స్ అండ్ ట్యాగ్స్, మిగతా వివరాలు, ట్యాగులు, నువ్వు రాసుకున్న నోట్స్ కూడా చూస్తుంది. మూడోది ఎవ్రీథింగ్, ఇది పీడీఎఫ్ లోపలి అక్షరాల్లో కూడా వెతుకుతుంది. మొదటి దాంట్లో ఉండి "ఆర్టికల్ లోపల ఆ వాక్యం చదివాను, కానీ దొరకట్లేదు" అంటే అది ఎలా దొరుకుతుంది? రెండు మూడు పదాలు కొడితే అవన్నీ ఉన్నవే వస్తాయి, వరుసగా అదే మాట కావాలంటే డబుల్ కొటేషన్లలో పెట్టాలి. పీడీఎఫ్‌లోనో నోట్‌లోనో మాట దొరికితే ఆ పైనున్న ఐటమ్ లేత రంగులో, అసలు మాట ఉన్నది ముదురు రంగులో కనిపిస్తుంది. లేత రంగు చూసి ఇది కాదులే అని వదిలేయకు, కీబోర్డ్‌లో ప్లస్ నొక్కితే అన్నీ విచ్చుకుంటాయి, మైనస్ నొక్కితే ముడుచుకుంటాయి.

ఎవ్రీథింగ్ పెట్టినా దొరకలేదంటే కారణం పీడీఎఫ్‌లో ఉంటుంది, మన తెలంగాణ చరిత్ర మీద పనిచేసేవాళ్లకు ఇదే అసలైన తలనొప్పి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

జోటెరో ప్రతి పీడీఎఫ్‌ను మొత్తం చదివి గుర్తుపెట్టుకోదు. మామూలు సెట్టింగ్‌లో ఒక్కో ఫైల్‌కు మొదటి 100 పేజీలు మాత్రమే ఇండెక్స్ చేస్తుంది, అక్షరాలకు కూడా 5 లక్షల హద్దు ఉంది. నాలుగైదు వందల పేజీల థీసిస్‌నో, శాసన సంపుటినో ఒకే పీడీఎఫ్‌గా పెట్టుకున్నావంటే నూరో పేజీ తర్వాత అందులో ఏముందో దానికి తెలియదు. నీకు కావలసిన చెరువు శాసనం 312వ పేజీలో ఉంటే ఎన్నిసార్లు కొట్టినా రాదు. సెట్టింగ్స్‌లోకి పోయి ఫుల్ టెక్స్ట్ ఇండెక్స్ దగ్గర ఆ 100ను 1000 చెయ్యి, అక్షరాల హద్దు కూడా పెంచు, తర్వాత ఇండెక్స్ మళ్ళీ కట్టమని చెప్పు. పాత సిస్టమ్ అయితే కొంచెం సేపు పడుతుంది, రాత్రి పెట్టి పడుకో. ఒక్క ఫైల్‌కే అయితే దాని మీద రైట్ క్లిక్ చేసి రీఇండెక్స్ ఐటమ్ అంటే చాలు. పీడీఎఫ్ మీద క్లిక్ చేస్తే కుడివైపు ఇండెక్స్‌డ్ అని ఉండి పక్కన యెస్, నో, పార్షియల్ అని రాసి ఉంటుంది. పార్షియల్ అని ఉన్నవన్నీ ఈ పేజీల హద్దు తగిలినవే.

నో అని ఉంటే అది చాలావరకు స్కాన్ అయి ఉంటుంది, అంటే లోపల అక్షరాలు లేవు, పేజీల ఫోటోలు మాత్రమే ఉన్నాయి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత పుస్తకాలు నువ్వు తప్పకుండా దించి ఉంటావు. వాటి ఫైల్ పేర్లు 2015తో మొదలై తర్వాత ఏవో అంకెలతో ఉంటాయి, తెలుగు పుస్తకం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసి ఉంటారు. ఆ పేరుతో ఏ మనిషీ వెతకలేడు.

తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో గొడవ ఉంది, దీన్ని చాలామంది గుర్తుపట్టరు. స్కాన్ కాదు, అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, మౌస్‌తో సెలెక్ట్ కూడా అవుతున్నాయి, అయినా సెర్చ్‌లో రావు. ఒక లైన్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడు. తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, పిచ్చి గుర్తులు వస్తే అది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైప్ చేసిన పుస్తకం. కంటికి తెలుగే కానీ ఫైల్ లోపల ఉన్నది తెలుగు యూనికోడ్ (కంప్యూటర్లన్నీ తెలుగుగా గుర్తించే అక్షరాల కోడ్) కాదు. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అదే వాడారు, తెలుగులో వచ్చిన థీసిస్‌లు, సావనీర్లు, సెమినార్ పత్రాల సంకలనాలు ఇలాంటివి బోలెడు. ఎవరిదీ తప్పు కాదు, ఆ కాలానికి అదే ఉంది. కానీ జోటెరోకు దాంట్లో ఉన్నది తెలుగు అని తెలియదు, ఇండెక్స్‌లో యెస్ అని చూపించినా అది ఇండెక్స్ చేసింది ఆ పిచ్చి గుర్తులనే.

ఈ రెండు రకాలకూ దారి ఓసీఆర్, అంటే పేజీ బొమ్మను చూసి అందులోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం. టెసెరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాంకు తెలుగు వచ్చు, ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనేది దాన్నే వాడుకొని పీడీఎఫ్‌లోనే అక్షరాల పొర వేసి ఇస్తుంది. అను ఫాంట్ ఫైళ్లకు పాత అక్షరాలను పక్కనపెట్టి కొత్తగా చదవమని చెప్పాలి, ఫోర్స్ ఓసీఆర్ అనే ఆప్షన్ దానికోసమే. కంప్యూటర్‌తో అంత అలవాటు లేకపోతే నిట్‌లోనో ఏదైనా ఇంజనీరింగ్ కాలేజీలోనో చదివే సోపతిగాడిని పట్టుకో, వాళ్లకు చిన్న పని. నాలుగు పేజీలే కావాలంటే ఆ పేజీల వరకు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరువు, తెలుగు బాగానే చదువుతుంది, ఆ టెక్స్ట్‌ను జోటెరోలో ఆ ఐటమ్ కింద నోట్‌గా పెట్టుకో. నోట్స్‌లో ఉన్నది సెర్చ్‌లో వస్తుంది కదా. వెయ్యి ఫైళ్లకూ ఓసీఆర్ చేస్తూ కూర్చోకు, ఈ చాప్టర్‌లో వాడేవాటికి చెయ్యి చాలు.

తర్వాతది పేర్ల తిప్పలు. నీ సబ్జెక్టులో ఒకే చోటుకు ఎన్ని పేర్లో చూడు. రామప్ప అని కొడితే పాలంపేట అని టైటిల్ ఉన్న ఆర్టికల్ రాదు. 2021లో యునెస్కో జాబితాలో ఎక్కినప్పుడు కాకతీయ రుద్రేశ్వర ఆలయం అనే పేరు ముందుకు వచ్చింది, అప్పటి నుంచి వచ్చిన రాతల్లో కొన్ని రుద్రేశ్వర పేరుతోనే ఉంటాయి. వరంగల్, ఓరుగల్లు, ఏకశిలానగరం. హన్మకొండ, హనమకొండ, హనుమకొండ, శాసనాల్లో అనుమకొండ. 2021లోనే వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయింది కాబట్టి అంతకుముందు రిపోర్టులు ఒక పేరుతో, తర్వాతవి ఇంకో పేరుతో ఉంటాయి. కాకతీయ అనే మాటనే ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు, పాత పుస్తకాల్లో అక్షరాల మీద గీతలు కూడా పెడతారు. శాస్త్రి అన్న పేరు సంగతి అయితే చెప్పనక్కర్లేదు.

దీనికి అడ్వాన్స్‌డ్ సెర్చ్ ఉంది, ఎడిట్ మెనూలో దొరుకుతుంది. అందులో పైన "ఆల్" బదులు "ఎనీ" పెట్టి, ఒక్కో లైన్‌లో ఒక్కో పేరు వెయ్యి: టైటిల్‌లో రామప్ప, టైటిల్‌లో పాలంపేట, టైటిల్‌లో రుద్రేశ్వర, అవే ఇంగ్లీషు స్పెల్లింగులతో మరో మూడు నాలుగు లైన్లు. శాతం గుర్తును ఏ అక్షరాలైనా సరే అనే అర్థంలో వాడొచ్చు. "న%కొండ" అని కొడితే హనమకొండ, హనుమకొండ, అనుమకొండ మూడూ వస్తాయి. ఇంగ్లీషులో కూడా అంతే. ఆ తర్వాత సేవ్ సెర్చ్ నొక్కి దానికి "రామప్ప అన్నీ" అని పేరు పెట్టుకుంటే అది ఎడమవైపు కలెక్షన్ల పక్కన కూర్చుంటుంది, రేపు కొత్తగా చేర్చే ఆర్టికల్‌లో ఆ మాటల్లో ఏదున్నా తనంతట తనే అందులో కనిపిస్తుంది. నీ థీసిస్‌కు పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం ఇలా ఒక్కో చెరువుకు ఒక్కో సేవ్డ్ సెర్చ్ చేసుకో. పదిహేను మెట్ల లోపలికి దిగే కలెక్షన్ల చెట్టు కంటే ఇది నూరు రెట్లు మేలని నా గట్టి అభిప్రాయం. కలెక్షన్లు ఎంత లోతుగా పెడితే అంత మర్చిపోతాం, ఎందులో పెట్టామో ఆ రోజు మన బుర్రలో ఉన్న లెక్క ఆరు నెలల తర్వాత ఉండదు.

తెలుగులో టైప్ చేసి వెతికేటప్పుడు పదం మొత్తం కొట్టకు, మొదటి ముక్క కొట్టు. చెరువు, చెరువుల, చెరువులు అన్నీ కావాలంటే "చెరువు" చాలు. "వరంగల్‌లో" అనే మాటలో ల్ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉంటుంది, కొందరు అది లేకుండా "వరంగల్లో" అని రాస్తారు, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. "వరంగల్" దగ్గర ఆపేస్తే రెండూ దొరుకుతాయి.

శోధగంగ చాప్టర్ల గురించి అడిగావు. అక్కడ థీసిస్ మొత్తం ఒక ఫైల్‌గా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది, పేర్లు కూడా "10_చాప్టర్ 3" లాంటివే. పది థీసిస్‌ల నుంచి మూడో చాప్టర్ నేరుగా దించి జోటెరోలో పడేస్తే, అన్నిటి పేరూ దాదాపు ఒకటే, రచయిత లేడు, యూనివర్సిటీ లేదు, సంవత్సరం లేదు. జోటెరోకు వాటి గురించి ఏమీ తెలియదు, తెలియనిదాన్ని చూపించలేదు. సెర్చ్‌లో "చాప్టర్" అని ఇంగ్లీషులో కొట్టి అలాంటివన్నీ ఒకచోటికి తెచ్చుకో. ఒక్కోదాన్ని తెరిచి ఏ థీసిస్‌దో చూసుకొని, థీసిస్ రకంతో ఒక కొత్త ఐటమ్ చెయ్యి. పరిశోధకుడి పేరు, యూనివర్సిటీ, సంవత్సరం, తెలుగు టైటిల్, ఇంగ్లీషు టైటిల్ అందులో వెయ్యి. తర్వాత ఆ థీసిస్ చాప్టర్లన్నీ మౌస్‌తో లాగి ఆ ఐటమ్ మీద వదిలితే దాని కిందికి చేరతాయి. ఒక్కో పీడీఎఫ్ పేరు మార్చి "మూడో అధ్యాయం, చెరువుల నిర్వహణ" అని రాసుకో. ఒక సాయంత్రం పని, చాప్టర్ రాస్తున్నంత కాలం ప్రతిరోజూ ఉపయోగపడుతుంది. ఇంగ్లీషు జర్నల్ ఆర్టికల్ పీడీఎఫ్‌లు ఒంటరిగా పడి ఉంటే వాటి మీద రైట్ క్లిక్ చేసి రిట్రీవ్ మెటాడేటా కొట్టు, చాలావాటికి వివరాలు అదే తెచ్చుకుంటుంది. పుస్తకాలకు పైన మంత్రదండం బొమ్మ నొక్కి ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద ఉండే గుర్తింపు నంబర్) ఇస్తే సరిపోతుంది. పాత తెలుగు పుస్తకాలకు ఐఎస్‌బీఎన్ ఉండదు కాబట్టి చేత్తో టైప్ చేయక తప్పదు.

ఐటమ్ దొరికింది కానీ పీడీఎఫ్ తెరుచుకోవడం లేదంటే అది వేరే కథ. జోటెరో వివరాలను ఎన్నైనా ఉచితంగా సింక్ చేస్తుంది, ఫైళ్లకు మాత్రం ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ. స్కాన్ పుస్తకాలు నాలుగైదు పెడితేనే నిండిపోతుంది. ఆ తర్వాత చేర్చినవి ల్యాబ్ సిస్టమ్‌లోనే ఉండిపోతాయి, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో పేరు కనిపిస్తుంది, నొక్కితే ఫైల్ లేదంటుంది. అక్కడ డబ్బు కట్టే ముందు ల్యాబ్ సిస్టమ్‌కు వెళ్లి యూజర్ ఫోల్డర్‌లో ఉన్న జోటెరో ఫోల్డర్‌ను మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో, జోటెరో మూసేసి చెయ్యాలి. ఆ ఫోల్డర్‌లో ఉన్న స్టోరేజ్‌లోనే నువ్వు చూసిన పిచ్చి పేర్ల ఫోల్డర్లు ఉంటాయి. ఒక్కో ఫైల్‌కు ఎనిమిది అక్షరాల కోడ్‌తో ఒక ఫోల్డర్, అది జోటెరో పెట్టుకున్న లెక్క. దయచేసి వాటి పేర్లు మార్చకు, లోపల నుంచి ఫైళ్లు బయటికి తీయకు, అందంగా సర్దుదామని అసలు అనుకోకు. ఫైల్ ఎక్కడుందో చూడాలంటే జోటెరోలోనే ఐటమ్ మీద రైట్ క్లిక్ చేసి షో ఫైల్ కొడితే నేరుగా ఆ ఫోల్డర్‌కు తీసుకుపోతుంది.

మెండెలీ (జోటెరో లాంటిదే ఇంకో ప్రోగ్రాం) వాడే నీ ఫ్రెండ్ గురించి కూడా అడిగావు. దాంట్లోనూ లెక్క ఇదే. ముందు ఆల్ రిఫరెన్సెస్ మీద నిలబడి వెతకమను, రీసెంట్లీ యాడెడ్ చూడమను, ఏ కలెక్షన్‌లోనూ లేనివి అన్‌సార్టెడ్‌లో ఉంటాయి. పాత మెండెలీ డెస్క్‌టాప్‌ను 2022 సెప్టెంబర్ నుంచి కొత్తగా దించుకోవడానికి ఇవ్వడం లేదు, ఇంకా అందులోనే ఉంటే ముందు సింక్ చేసుకొని కొత్తదానికి మారమను.

ఇప్పటికే కొన్ని రెండుసార్లు దించి ఉంటే డూప్లికేట్ ఐటమ్స్ అనే చోటికి వెళ్లి మర్జ్ చెయ్యి, అంటే రెండింటినీ ఒకటిగా కలుపు. ఒకదాన్ని డిలీట్ చేసి ఒకటి ఉంచుకుందాం అనుకోకు. డిలీట్ చేసినది వర్డ్‌లో సైట్ చేసి ఉంటే దానికీ లైబ్రరీకీ లింక్ తెగిపోతుంది, మర్జ్ చేస్తే తెగదు, వర్డ్‌లో ఒకసారి రిఫ్రెష్ కొడితే మొదట చెప్పిన ఆ 2014ఎ, 2014బి కూడా పోతాయి.

చివరగా వర్డ్ సంగతి. సైటేషన్ పెట్టేటప్పుడు వచ్చే డబ్బాలో రచయిత పేరు కొడితే, నీ లైబ్రరీ నుంచి వచ్చేవి ఒకచోట, ఈ డాక్యుమెంట్‌లో ముందే సైట్ చేసినవి సైటెడ్ అనే శీర్షిక కింద చూపిస్తుంది. నువ్వు మీ సీనియర్ డ్రాఫ్ట్ తీసుకొని దాంట్లోనే రాయడం మొదలుపెట్టానన్నావు కదా, అందులో అతను పెట్టిన సైటేషన్ల వివరాలు ఆ డాక్యుమెంట్‌లోనే ఇమిడి ఉంటాయి, అవి నీ లైబ్రరీలో ఎప్పుడూ లేవు. నువ్వు "వర్డ్‌లో ఉంది, జోటెరోలో లేదు" అని రాసిన వాటిలో కొన్ని ఇవే అయి ఉంటాయి, వాటి కోసం నీ దగ్గర వెతికి లాభం లేదు. అతన్ని అడిగి ఆ కలెక్షన్‌ను ఎక్స్‌పోర్ట్ చేయించుకొని నీ దాంట్లోకి ఇంపోర్ట్ చేసుకో. కానీ ఆ పాత సైటేషన్లు వాటంతట అవి నీ కాపీలకు అతుక్కోవు, ఈ చాప్టర్‌లో మిగిలేవాటిని ఒక్కొక్కటిగా తీసేసి నీ లైబ్రరీ నుంచి మళ్ళీ పెట్టుకోవాలి. ఈ పని గైడ్‌కు ఇచ్చే ముందు రాత్రికి పెట్టుకోకు, కనీసం రెండు రోజులు చేతిలో ఉండగా మొదలుపెట్టు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే నీ జోటెరో ఏ వెర్షనో, స్క్రీన్ మీద ఏ మాట వచ్చిందో ఉన్నదున్నట్టు రాసి పంపు, చూసి చెబుతాను.